తోటపాలెం ఇల్లు అమ్మినప్పుడు

నాన్న పోయిన రెండేళ్లకు విజయనగరం తోటపాలెంలోని మా ఇల్లు అమ్మేశాం. అమ్మ ఒక్కతే ఉండలేకపోతోంది. నాకు ఉద్యోగం, తమ్ముడు బెంగళూరులో.

మొదట వచ్చిన బ్రోకరు కూర్చోకుండానే రేటు చెప్పేశాడు. "మీ చేతికి ఇంత వస్తుంది, పైన ఎంతొచ్చినా నాది" అన్నాడు. కొనేవాళ్లకు ఏ రేటు చెబుతాడో మాకు తెలియదు. అమ్మ వద్దంది.

రెండో ఆయన మా వీధిలో అందరికీ తెలిసిన మనిషి. కమీషన్ రెండు వైపులా ఒక్కో శాతమని మొదటి రోజే చెప్పి, ముందు కాగితాలు అడిగారు. నాన్న ట్రంకుపెట్టె తీసి ముందు పెట్టాం. 1987 దస్తావేజు, దాని వెనక లింకు డాక్యుమెంటు (అంతకుముందు యజమాని దస్తావేజు), ఇంటి పన్ను రసీదులు అన్నీ అరుగు మీద పరుచుకుని పూటంతా చదివారు. మర్నాడు ఈసీ, అంటే ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం, తీయించి తెచ్చారు.

"అమ్మగారూ, నాన్నగారు బ్యాంకులో అప్పేటైనా తీసుకున్నారా?"

తీసుకున్నారు, 1999లో తీర్చేశారు కూడా. కానీ తీరినట్టు రిజిస్టరు చేయించలేదు, ఈసీలో తనఖా అలాగే ఉండిపోయింది. కొనేవాళ్ల బ్యాంకు అది చూస్తే లోను ఇవ్వదని, అది తేలేదాకా ఎవరినీ ఇల్లు చూడ్డానికి తీసుకురానని చెప్పేశారు. తమ్ముడు విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ మాటతోనే ఆయన మీద గురి కుదిరింది. బ్యాంకు చుట్టూ తిరగడానికి, తనఖా రద్దు రిజిస్టరు చేయించడానికి ఆరు వారాలు పట్టింది. వారసుల సర్టిఫికెట్టు కూడా ఆలోపే వచ్చింది.

తర్వాత టేపు పట్టుకొచ్చారు. ఒక కొస తమ్ముడి చేతికిచ్చి వేపచెట్టు దగ్గర నిలబెట్టారు. దస్తావేజులో 160 గజాలు, కొలిస్తే 152. రోడ్డు వైపు పోయినట్టుంది. "152కే రేటు కడదాం. రేపు కొనేవాళ్లు కొలిపిస్తే మాట పోతుంది" అన్నారు. ఎనిమిది గజాల డబ్బు వదులుకోవడం కష్టమే, కానీ ఆయన చెప్పింది న్యాయం.

కొన్నది ఇద్దరూ ఉద్యోగాలు చేసే చిన్న జంట. బయానా ఇచ్చే ముందే వాళ్లను కూర్చోబెట్టి స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతమని కాగితం మీద వేసి చూపించారు. "లోను డబ్బు దీనికి రాదు, చేతిలో విడిగా ఉంచుకోండి" అన్నారు. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

రిజిస్ట్రేషన్ రోజు అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురం సంతకాలు, వేలిముద్రలు వేశాం. అమ్మ చెయ్యి వణికింది. ఆయన వెళ్లి ఆమెకు కుర్చీ తెచ్చి వేశారు. నెల తర్వాత ఫోన్ చేసి కరెంటు మీటరు, ఇంటి పన్ను వాళ్ల పేరు మీదకు మారాయని చెప్పారు. ఆ పని ఆయన్ను మేం అడగలేదు.

మొన్న బాలాజీనగర్‌లో స్థలం అమ్ముతానన్న పిన్నికి ఆయన నంబరిచ్చాను. ఫోన్ ఎత్తగానే రేటు సంగతి కాదట, "ఈసీ తీశారేటమ్మా?" అని అడిగారట.