62 వేలు పెట్టి మానిఫోల్డ్ మార్చబోయాను: నా అనుభవం

నాది పది టైర్ల లారీ. కొలిమిగుండ్లలో సిమెంటు ఎత్తుకుని గుంటూరు వైపు దించుతాను. గాజులపల్లె దాటాక నల్లమల ఘాటు ఎక్కి గిద్దలూరులో దిగాలి. బండి ఆరోగ్యం ఏంటో ఆ ఘాటే చెప్పేస్తుంది. నిరుడు వానలు వెనకబట్టాక, ఎప్పుడూ నాలుగో గేరులో లాగే ఎక్కుడు మూడుకి, ఆ తర్వాత రెండుకి వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే వెనక నల్లటి పొగ. లీటరుకు 4.1 ఇచ్చే మైలేజీ 3.6కి పడిపోయింది. నెలకు 5 వేల కిలోమీటర్లు తిరిగే బండికి అది దగ్గరదగ్గర 170 లీటర్లు. లీటరు 97 లెక్కన నెలకు 16 వేల పైమాట. కిస్తీ కట్టుకునేవాళ్లకు ఆ డబ్బు విలువ తెలుసు.

ఒక షెడ్డులో చూపించాను. కంపెనీ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) సన్నం, ఇంజనుకు గాలి చాలడం లేదు, లోపల దారి పెద్దగా ఉండేలా అల్యూమినియంతో చేయించింది వేస్తే పికప్పు, మైలేజీ రెండూ వస్తాయన్నారు. వస్తువు, కూలీ కలిపి 62 వేలు. నేను ఒప్పుకున్నాను కూడా. అడ్వాన్సు ఇచ్చే ముందు మా నాన్న బండి మీద పనిచేసి తర్వాత మేస్త్రీ అయిన బాబాయికి ఫోన్ చేశాను. ఆయన ఒకటే అడిగాడు: "నాలుగేళ్లు ఆ మానిఫోల్డ్‌తోనే ఎక్కింది గదరా ఘాటు! ఇప్పుడు సన్నమెట్లా అయింది?"

జవాబు చెప్పలేకపోయాను. ఆదివారం లోడు దించి బండి బాబాయి దగ్గరికే తోలాను.

ముందు ఎయిర్ ఫిల్టర్ చూశాడు, బాగానే ఉంది. తర్వాత టర్బో (గాలిని కుక్కి ఇంజనుకు పంపేది) మూతికి రబ్బరు మూత బిగించి, పక్కన పంచరు షాపు కంప్రెసర్ నుంచి ఒక బార్ గాలి పెట్టాడు. అంతకు మించి పెట్టొద్దని కుర్రాడికి రెండుసార్లు చెప్పాడు. సబ్బు నీళ్లు చల్లుకుంటూ హోస్ పైపుల వెంట పోతుంటే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దగ్గర పైపు అడుగున, క్లాంపు పక్కనే నురగ పొంగింది. చిటికెన వేలి గోరంత చీలిక. అంతకుముందు నేను అదే పైపును చేత్తో తడిమాను, ఏమీ తగల్లేదు. గాలి నిండితేనే అది నోరు తెరుస్తోంది. లోడుతో ఘాటెక్కేటప్పుడు టర్బో నెట్టే గాలి సగం దారిలో బయటికి పోతుంటే, పోసిన డీజిల్ పూర్తిగా కాలక నల్ల పొగ అవుతోంది.

అక్కడితో ఆగలేదు. మానిఫోల్డ్ విప్పించాను. లోపల చూసి నాకు కడుపులో తిప్పింది. మా బండికి ఈజీఆర్ ఉంది. సైలెన్సర్ వైపు పోవాల్సిన పొగలో కొంత చల్లబడి మళ్లీ ఇంజనులోకి వస్తుంది. ఆ మసికి బ్రీదర్ (ఇంజను లోపలి ఆవిరిని వదిలే గొట్టం) నుంచి వచ్చే ఆయిలు ఆవిరి తోడై తారులా పేరుకుంటుంది. మూడు వేళ్లు పట్టే దారిలో రెండు వేళ్లు కూడా కష్టంగా దూరాయి. సన్నమైందన్న మాట నిజమే, కానీ సన్నం చేసింది మసి.

దీన్ని బండి మీదే గీకకూడదు, పెళ్లలు సిలిండర్లలో పడితే ఇంజనుకే ఎసరు. విప్పి, హెడ్డు వైపు రంధ్రాలకు గుడ్డలు కుక్కి, మానిఫోల్డ్‌ను రాత్రంతా డీజిల్లో నానబెట్టి బ్రష్షుతో తోమాం. కాస్టిక్ సోడా నీళ్లలో వేద్దామన్నాడు కుర్రాడు. బాబాయి కేకలేశాడు. అల్యూమినియాన్ని కాస్టిక్ తినేస్తుంది. ఈజీఆర్ కూలర్ కూడా కడిగి, కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు నడుమ నుంచి మొదలెట్టి చివరలకు టార్క్ రెంచితో బిగించాం. హోసు, క్లాంపులు, ప్యాకింగులు, కూలీ అన్నీ కలిపి 11,400 అయింది. రెండు రోజులు బండి ఆగింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: మనలాంటి లోడు బండికి పెద్ద మానిఫోల్డ్ దండగ. టర్బో గాలిని కుక్కి పంపుతోంది, డీజిల్ ఎంత పోయాలో ఈసీఎం (ఇంజను కంప్యూటరు) చూసుకుంటోంది, మన ఇంజను తిరిగేది 1200 నుంచి 1600 ఆర్పీఎం మధ్య. అక్కడ దారి వెడల్పు చేస్తే కలిసొచ్చేది ఏమీ లేదు. ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి), టర్బో కూడా పెంచి ఎక్కువ ఆర్పీఎంలో పందేలకు తిప్పేవాళ్ల సంగతి వేరు. మానిఫోల్డ్ పగిలిందంటే మార్చాల్సిందే, కంపెనీదే వేయించుకోండి. పైగా తయారీదారు ఇచ్చిన నమూనాను మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఎనిమిదేళ్లు దాటిన లారీని ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) నిలబెట్టాలి. అక్కడ ఇరుక్కుంటే పోయేది మన కిరాయే.

తర్వాతి లోడు 18 టన్నులు. ఘాటు నాలుగో గేరులోనే ఎక్కింది, అద్దంలో చూస్తే వెనక రోడ్డు కనబడింది. నెల తిరిగేసరికి మైలేజీ 4.0కి వచ్చింది. ఆ మిగిలిన పాయింటు ఎక్కడ పోతోందో ఇంకా చూడాలి, ఈసారి ఇంజెక్టర్లు పరీక్షకు పంపుతున్నాను.