ఉదయగిరి గరిటెల వీధిలో ఒక పొద్దు

హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో ఉదయగిరి చెక్క గరిటె కనిపించింది. ముచ్చటపడి చేతిలోకి తీసుకున్నాను. ధర చీటీ చూసి మళ్లీ అక్కడే పెట్టేశాను. పామూరు దగ్గర పెరిగినదాన్ని, ఉదయగిరి మాకు పొరుగూరు కిందే లెక్క. అక్కడి గరిటెను అంత రేటు పోసి ఏసీ హాల్లో కొనాలంటే ప్రాణం ఒప్పలేదు. సంక్రాంతికి ఒంగోలు వచ్చినప్పుడు మా వదినను వెంటబెట్టుకుని ఉదయగిరి బయల్దేరాను.

కందుకూరు, పామూరు మీదుగా ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. పండగ రద్దీ, పామూరు దాకా నిలబడే వచ్చాం. అక్కడ బస్సు మారాక కిటికీ పక్కన సీటు దొరికింది. నెల్లూరు అనగానే అందరికీ పెన్న కాలువలు, వరి చేలు, చేపల పులుసు గుర్తొస్తాయి. ఉదయగిరి ఉన్న పడమటి మెట్ట మండలాల్లో అవేవీ కనపడవు. ఎర్రమన్ను, చిల్లకంప, ఎక్కడో ఒక చెరువు. ఆ ఎండు నేల మీద ఉన్నట్టుండి ఉదయగిరి కొండ లేస్తుంది. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గజపతుల చేతుల్లోంచి గుంజుకున్న దుర్గం అది. ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయి, ఆయన కోసం అక్కడ పెద్ద గుడే కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కొండ పైన గుళ్లూ ఉన్నాయి, మసీదులూ ఉన్నాయి. ఎక్కాలని నాకుంది గానీ వదిన మోకాళ్ల సంగతి తెలుసు, ఆ మాటే ఎత్తలేదు.

బస్టాండు దగ్గర ఆటో అతను చెప్పిన రేటుకు వదినకు కోపమొచ్చింది. "ఊళ్లోకి పోవడానికి అంతా? నడుద్దాం పద" అంది. అదే మంచిదైంది. జనవరి ఎండ, గాలి చల్లగా ఉంది, తొందరేమీ లేదు. దారిలో టీ తాగాం. చిన్న గ్లాసుకు పట్నం రేటే తీసుకున్నారు, అల్లం మాత్రం బాగా దంచి వేశారు. ముగ్గులు ఇంకా చెరగలేదు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు "ఎవురింటికమ్మా?" అని పలకరించారు. గరిటెల కోసం వచ్చామంటే అందరూ ఒకే వైపు చెయ్యి చూపించారు, దిలావర్‌భాయి వీధి అని.

బజారు అంటే వరసగా కొట్లు, బోర్డులు, పిలిచి చూపించేవాళ్లు ఉంటారనుకుంటాం కదా. ఇక్కడ ఇళ్లే కొట్లు. చెవులకే ముందు తెలుస్తుంది. ఆకురాయి చెక్క మీద రాసుకునే చప్పుడు, ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో మొదలవుతుంది. తలుపు తీసి ఉన్న ఇంటి ముందు ఆగాం. లోపల చాప మీద ఒకామె కూర్చుని గరిటె గుంటను నున్నగా చేస్తోంది. ఒళ్లో పొట్టు, చుట్టూ పొట్టు. మమ్మల్ని చూసి ముందు పీటలు వేసింది, తర్వాతే సరుకు తెచ్చింది.

ఎన్ని రకాలో! చెంచాలు, ఫోర్కులు, అన్నం హస్తాలు, అట్లకాడలు, దువ్వెనలు, పప్పుగుత్తులు. కొన్నిటి పిడి మీద పూలతీగ, కొన్నిటి మీద సన్నటి చిల్లుల అల్లిక, జాలీ. ఆ జాలీ పనిలో పారశీక పద్ధతి కనిపిస్తుంది. ఈ పని చేసేది ఎక్కువగా ముస్లిం కుటుంబాలే. ఉదయగిరి చెక్క చెంచాలకు, ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. రంగు లేదు, వార్నిష్ లేదు. ఒక చెంచా పసుపు పచ్చగా, ఇంకోటి లేత ఎరుపుగా ఉంటే రంగేశారా అని అడిగాను.

"రంగెందుకమ్మా, కట్టె రంగే అది" అంది. నర్ది, బిక్కి, దేవదారి అంటూ ఒక్కొక్కటి నా చేతిలో పెట్టింది. కొండ అడవిలో దొరికే కట్టెలు. దేనికదే బరువు వేరు, వాసన వేరు. ఇంటాయన బాడిసతో రూపు తీసిస్తాడు. ఆకురాయి పని, ఉప్పుకాగితం పని, చివరి నునుపు ఆడవాళ్లది. ఆమె బొటనవేలు పక్కన కాయ కాసి గట్టిపడి ఉంది. మాట్లాడుతూనే గరిటె గుంటలో వేలు తిప్పి చూసుకుంటోంది. నాకు నున్నగానే ఉంది. ఆమె వేలికి ఎక్కడో గరుకు తగిలింది, మళ్లీ రుద్దింది.

మా నాయనమ్మ ఆవకాయ జాడీలో లోహపు గరిటె పెట్టనిచ్చేది కాదు. ఊరగాయ పాడవుతుందని చెక్క గరిటె ఒకటి విడిగా దాచేది. దాని అంచు అరిగి అరిగి ఒక పక్కకు వాలిపోయింది. తర్వాత ఇంట్లోకి స్టీలు వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది. ఇప్పుడు నాన్‌స్టిక్ పెనం పూత గీసుకుపోతుందని మళ్లీ చెక్కే కావాలంటున్నాం. ఎలా వచ్చినా గిరాకీ వస్తే చాలు వీళ్లకి.

మేం చూస్తుండగానే కారు దిగి ఒక కుటుంబం వచ్చింది. అందులో ఒకాయన పెద్ద గరిటె పట్టుకుని సగం రేటుకు అడిగాడు. ఆమె ఏమీ అనలేదు, నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. పొట్టులో కూర్చుని ఉన్న మనిషి ఎదుటే ఆ పనికి సగం రేటు ఎలా అడగబుద్ధేసింది? అలాంటి గరిటెకు హైదరాబాద్‌లో ఎంత రాసి పెట్టారో నేను చూశాను. ఇక్కడ ఆమె చెప్పింది అందులో మూడో వంతు కూడా లేదు. మిగతాది దారిలో ఎవరెవరికి పోతోందో గానీ ఆకురాయి పట్టిన చేతికి రావడం లేదు. ఆ మాట ఆయనకు చెప్పేశాను. వాళ్లావిడ ముందుకొచ్చి చెప్పిన ధరకే రెండు తీసుకుంది.

నేను ఆవకాయకు ఒక పొడుగు గరిటె, పిల్లలకు చెంచాలు, అన్నం హస్తం ఒకటి కొన్నాను. సబ్బు నీళ్లలో నానబెట్టొద్దని, కడిగి నీడలో ఆరబెట్టమని, అప్పుడప్పుడు కొబ్బరినూనె రాయమని ఆమె చెప్పింది. "బో కాలం వస్తాదమ్మా" అంది.

వదిన మాత్రం జాలీ పని ఉన్న చెంచాల కట్ట ఒళ్లోంచి దించలేదు. వాళ్ల అమ్మాయి పెళ్లికి తాంబూలంతో పాటు స్టీలు గిన్నెలకు బదులు ఇవే ఇవ్వాలని అక్కడికక్కడే నిర్ణయించేసింది. రెండొందల చెంచాలు కావాలంటే ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. ఆమె లోపలికి తిరిగి ఇంటాయనతో ఉర్దూలో ఏదో మాట్లాడి వచ్చింది.

"ముహూర్తం పెట్టుకున్న రోజే చెప్పండి. కట్టె తెచ్చుకోవాల, పక్కిళ్లోళ్లకూ పని పంచాల."

వదిన ఫోన్ తీసి నంబరు రాసుకుని, అడ్వాన్స్ ఆమె చేతిలో పెట్టింది.