బస్సు తలుపు దగ్గర

నిన్న సాయంత్రం విజయవాడ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కుతుంటే ఒకటే తోపులాట. సీటు కోసం అందరూ ముందుకే చూస్తారు, జేబుదొంగకు కావాల్సింది అదే. లోపలికి వచ్చాక ఒక కాలేజీ అమ్మాయి బ్యాగు తడుముకుని ఏడుపు మొదలుపెట్టింది. ఫోన్ పోయింది.

పక్క సీటు పెద్దావిడ "ఏడవకమ్మా, ముందు డబ్బులు కాపాడుకో" అంది. ఎంత సరైన మాట! ఫోన్ పోతే పోయింది, అందులో యూపీఐ ఉంది కదా. నా ఫోన్‌తోనే బ్యాంకుకు చేసి ఖాతా ఆపించాం, తర్వాత సిమ్ బ్లాక్ చేయించాం. ఈలోగా డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు దొరికే అవకాశం అంత ఎక్కువ.

పోలీసు ఫిర్యాదు కాపీ, అదే నంబరుతో కొత్త సిమ్ ఉంటే కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఫోన్‌నే బ్లాక్ చేయించవచ్చు. దానికి ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు, కావాలి. ఫోన్ పెట్టె మీద ఉంటుంది, ఫోన్ చేతిలో ఉన్నప్పుడైతే *#06# నొక్కినా వస్తుంది. పాపం, ఆ అమ్మాయి దగ్గర పెట్టె లేదు, బిల్లూ లేదు. వాళ్ల నాన్నగారు ఇంట్లో వెతుకుతున్నారు.

రాత్రి ఇంటికి రాగానే అమ్మ ఫోన్, తమ్ముడి ఫోన్ తీసుకుని వాటి ఐఎంఈఐ నంబర్లు క్యాలెండర్ వెనక రాసిపెట్టాను. మీ ఇంట్లో వాళ్లవి కూడా ఈ రాత్రే రాసిపెట్టండి, దయచేసి.