గురువారం, నెట్ లేని సాయంత్రం

సాయంత్రం ఐదున్నరకి నెట్ పోయింది. వీధి చివర పైపుల కోసం జేసీబీతో తవ్వుతున్నారు, కేబుల్ తెగిందట, రాత్రికి గానీ రాదన్నారు. మావాడు ఇంటర్ సెకండియర్, ఆన్‌లైన్ క్లాస్ పోయిందని మొహం వేలాడేశాడు కానీ లోపల పండగే అని నాకు తెలుసు, కాకపోతే క్లాసుతో పాటు ఫోన్‌లో మిగతావన్నీ కూడా పోయాయి కదా, పది నిమిషాల్లో ఆ పండగ కాస్తా నీరసం అయిపోయింది. హాల్లో పెద్ద టీవీ మొత్తం నెట్ మీదే నడుస్తుంది, అది కూడా నల్లగా గోడకి వేలాడుతోంది. ఇంట్లో బతికున్న బొమ్మ ఒక్క అమ్మ గదిలోనే.

అంబర్‌పేట ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చినప్పుడు అమ్మ పట్టుబట్టి తెచ్చుకున్నవి మూడే, తులసి కుండీ, నాన్న వాలుకుర్చీ, ఫ్రీ డిష్ గొడుగు. నెలనెలా బిల్లు లేనిది ఎందుకు పారేయాలి అంటుంది. అందులో దూరదర్శన్ యాదగిరి ఛానల్ పెట్టుకుంటుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక సప్తగిరి ఛానల్ అటు ఆంధ్రాకి వెళ్ళి యాదగిరి ఇటు తెలంగాణకి వచ్చిందని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి అది "హైదరాబాద్ స్టేషన్" మాత్రమే.

నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి మనవడు అమ్మమ్మ మంచం చివర కూర్చుని ఉన్నాడు, టీవీలో రైతుల కార్యక్రమం. వరిలో సుడిదోమ. ఒకాయన మడిలో నిలబడి దుబ్బు వంచి అడుగున పురుగుల్ని చూపిస్తున్నాడు. మావాడు ఫోన్ పక్కన పడేసి మరీ చూస్తున్నాడు, వేరే దారి లేదు పాపం. ఆయన నివారణ చెప్పబోతుంటే నేను టీ గ్లాసు ఇస్తూనే అనేశాను, "ప్రతి రెండు మీటర్లకీ ఇరవై సెంటీమీటర్లు కాలిబాట తీయాలి." టీవీలో ఆయన కూడా అదే అన్నాడు. వాడు నావైపు చూసిన చూపు ఉందే, పదిహేడేళ్ళలో నన్ను అంత గౌరవంగా చూడ్డం ఇదే మొదటిసారి.

నాకెలా తెలుసంటే ఏం చెప్పను. నేను పుట్టి పెరిగింది అంబర్‌పేటలో, మాకు ఉన్న సాగుభూమి డాబా మీద కరివేపాకు కుండీ ఒక్కటే. కానీ ఎనభై ఏడు, ఎనభై ఎనిమిదిలో సాయంత్రం టీవీ అంటే ఒక్క స్టేషనే, అది మొదలైన దగ్గర్నుంచీ ఏదొస్తే అది చూడ్డమే. స్టూడియో రామంతాపూర్‌లో, ప్రసారం చేసే టవర్ మూసీ అవతల మలక్‌పేటలో (ఇప్పటికీ ఆ స్టాపుని టీవీ టవర్ అనే అంటారు), మా ఇల్లు ఆ రెండిటి మధ్య. రాత్రిళ్ళు డాబా ఎక్కితే టవర్ మీద ఎర్ర లైట్లు కనిపించేవి. అందుకని వేరే ఊళ్ళ వాళ్ళు చెప్పుకునే యాంటెన్నా తిప్పే కథలు నా దగ్గర పెద్దగా లేవు, మా యాంటెన్నా మీద కాకి వాలినా బొమ్మ కదిలేది కాదు. మాది ఈసీ టీవీ, బ్లాక్ అండ్ వైట్, మన ఈసీఐఎల్‌లో చేసిందే, పక్కన స్టెబిలైజర్ ఒకటి, దాని మీద నాయనమ్మ కుట్టిన క్రోషా గుడ్డ.

అలా యూరియా ఎప్పుడు వేయాలి, వేరుశనగ చేలో ఎర పంటగా ఆముదం ఎందుకు వేస్తారు (లద్దె పురుగు దాని మీదకి పోతుంది, ఆకులతో సహా ఏరి పారేయచ్చు), ఇవన్నీ తలలోకి ఎక్కేశాయి. ఎవరూ నేర్పలేదు, నేను నేర్చుకోనూ లేదు. తర్వాత ఏదైనా మంచిది వస్తుందేమో అని ఎదురుచూస్తూ కూర్చుంటే పడిన ధూళి అనుకోండి.

ఏడింటికి వార్తలు. శాంతిస్వరూప్ గారు. తెలుగు వార్తలు టీవీలో మొదలైందే 1983 నవంబర్ 14న, మొదట చదివింది ఆయనే. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో ఆయన స్క్రిప్టు మొత్తం బట్టీ పట్టి చెప్పేవారని చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంటర్వ్యూలో విన్నాను, అప్పుడు అర్థమైంది మా నాయనమ్మ గొడవ. ఆవిడ వార్తల టైములో ఎవర్నీ టీవీ ముందు తిననిచ్చేది కాదు. "ఆయన మనవైపే చూస్తున్నాడు, ఎదురుగా కూర్చుని తింటే ఏం బావుంటుందే, లోపలికి పోయి తినండి" అనేది. మాకు నవ్వొచ్చేది. కానీ నిజంగానే ఆయన కాగితం వైపు కాదు కదా చూసింది, మావైపే చూశాడు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని వార్త వచ్చినప్పుడు అమ్మ ఆ పూట అన్నం కంచం వంటింట్లోకి తీసుకెళ్ళి కూర్చుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నా.

వారంలో ఒక రోజుకీ ఇంకో రోజుకీ కొట్టొచ్చినట్టు తేడా ఉండేది అప్పుడు. సోమ మంగళ నాకు అస్సలు గుర్తు లేవు, హోంవర్క్ వాసన తప్ప. బుధవారం రాత్రి ఢిల్లీ నుంచి చిత్రహార్, హిందీ పాటలు, సగం అర్థమయ్యేవి కాదు, మా కాలనీలో పిల్లలం ఆ ముక్కలు మాకు తోచినట్టు పాడుకునేవాళ్ళం. జాబులు జవాబులు అని ప్రేక్షకుల ఉత్తరాలు చదివే ప్రోగ్రాం ఉండేది, అది నాన్న ఇష్టం, ఎందుకంటే తిట్టు ఉత్తరాలు కూడా చదువుతారు అనేవాడు. నాన్న గట్టిగా నవ్వగా చూసింది మాత్రం ఆనందోబ్రహ్మకి, ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు నోరు తెరిస్తే చాలు, ఇంట్లో ఎప్పుడూ పళ్ళు కనపడని మనిషి కుర్చీలో ఊగిపోయేవాడు.

ఇంక శుక్రవారం. శుక్రవారం అంటే చిత్రలహరి, దానికి వేరే పేరే లేదు. తెలుగు సినిమా పాటలు అరగంట, ఐదో ఆరో వచ్చేవి, పైగా ఏ పాట వస్తుందో ముందు చెప్పరు. అమ్మ దీపం పెట్టుకుని, వంట ముగించుకుని, తలంటు పోసుకున్న జుట్టు ముడేసుకుని సరిగ్గా టైముకి వచ్చి కూర్చునేది. కానీ మా వీధికి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు సరిగ్గా ఆ టైముకే వచ్చేవి, శుక్రవారం పడిందంటే చచ్చామే. నాయనమ్మ కాక ఇంట్లో నలుగురం, వంతులు వేసుకున్నాం, మొదటి పాటకి అన్నయ్య బిందె కింద పెట్టాలి, రెండోది నాన్న, మూడోది నేను, ఇలా. దాంతో రెండు శుక్రవారాలకోసారి నాకు మూడో పాట లేదు. గోడ అవతల నుంచి వినపడేది అంతే, నీళ్ళ చప్పుడులో కలిసి. ఇప్పుడు ఏ పాటైనా ఫోన్‌లో వేలు పెడితే వస్తుంది, అయినా కొన్ని పాటలు వింటుంటే నాకు బిందె నిండే చప్పుడు కూడా వినిపిస్తుంది, పిచ్చి కాదు నిజంగానే.

అదే శుక్రవారం రాత్రి పొద్దుపోయాక ప్రణయ్ రాయ్ ప్రపంచ వార్తల ప్రోగ్రాం ది వరల్డ్ దిస్ వీక్, 1988 చివర్లో మొదలైంది. ఇంగ్లీషు. నాన్న మమ్మల్ని నిద్రపోనిచ్చేవాడు కాదు, ఇంగ్లీషు వస్తుందని. ఇంగ్లీషు రాలేదు గానీ బెర్లిన్ గోడ మాత్రం గుర్తుండిపోయింది, 1989 నవంబర్. జనం గోడ మీదెక్కి సుత్తులతో కొడుతున్నారు, ఏడుస్తున్నారు, కావలించుకుంటున్నారు. అమ్మ పక్క సర్దుతూ ఒక్క నిమిషం ఆగి చూసి "ఎవరి గోడండీ అది, అంత సంతోషంగా పడగొడుతున్నారు?" అంది. నాన్న వివరంగా చెప్పబోయాడు, ఒకే దేశం రెండు ముక్కలైందనీ మధ్యలో గోడ కట్టారనీ. "అన్నదమ్ముల పంపకాలన్న మాట" అని ఆవిడ దుప్పటి దులిపి పడుకుంది. తర్వాత నేను ఆ గోడ గురించి చదివిన పుస్తకాల్లో ఇంత తక్కువ మాటల్లో ఎవరూ తేల్చలేదు.

శనివారం సాయంత్రం తెలుగు సినిమా, టీవీ లేనివాళ్ళంతా మా హాల్లో. మధ్యలో వార్తలకి ఆపేవాళ్ళు, జనం మొత్తం అన్నాలకి ఇళ్ళకి పరుగు, మేము నాయనమ్మ భయానికి వంటింట్లోకి పరుగు. ఆదివారం హిందీ సినిమా. తొంభైల్లో ఆదివారం రాత్రి సురభి అనే ప్రోగ్రాం వచ్చింది, దాన్ని నడిపే రేణుకా శహాణె నవ్వు కోసం అన్నయ్య, ప్రేక్షకుల్ని అడిగే ప్రశ్న కోసం నేను. జవాబు పోస్టుకార్డు మీద రాసి పంపాలి, దేశం మొత్తం లక్షల్లో పంపేది, పదిహేను పైసల కార్డుల మీద పోస్టాఫీసుకి అంత బరువు మోయడం గిట్టుబాటు కాక పోటీల కోసమే రెండు రూపాయల కార్డు వేరేగా తెచ్చారు. నేను పదకొండు కార్డులు రాశా, పదిహేను పైసలవే. ఒక్క దానికీ ఏమీ రాలేదు. పన్నెండోది రాసి బ్యాగులో పెట్టుకుని వేయడం మర్చిపోయా, అదే గెలిచి ఉండేదని ఇప్పటికీ నా నమ్మకం.

అన్నీ బావుండేవని కాదు. నిజం చెప్పాలంటే సగం బోరు. గంటలకి గంటలు ఎవరో ఇద్దరు కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు, మధ్యలో పూలకుండీ, ఆ పూలకుండీనే చూస్తూ కూర్చున్న సాయంత్రాలు బోలెడు. ఇంకోటి, 1991 మే నెలలో రాజీవ్ గాంధీ చనిపోయినప్పుడు ఏడు రోజులు సంతాపం, టీవీలో ఎంతసేపూ ఏడుపు సంగీతమే. ఆ శనివారం సినిమా లేదు. ఎండాకాలం సెలవులు, పన్నెండేళ్ళ దాన్ని, "ఛ, ఈయన వచ్చే వారం పోకూడదా" అనేశాను. అమ్మ నన్ను కొట్టింది చాలా తక్కువ సార్లు, అందులో అదొకటి. కొట్టి తను కూడా ఏడ్చింది. నీ వయసు పిల్లలున్నారు కదే ఆయనకి కూడా అంది. వాళ్ళు నాకన్నా పెద్దవాళ్ళేలే, కానీ అప్పుడు ఎవరు ఎదురు చెప్తారు.

ఇవన్నీ మావాడికి కాస్త కాస్త చెప్తూ పోయా, వాడికి నచ్చింది మాత్రం ఒక్కటే, నా పెళ్ళిచూపులు. 2004లో మిర్యాలగూడ దగ్గర నుంచి వచ్చారు మా అత్తింటివాళ్ళు, సాగర్ ఎడమ కాలువ కింద వరి. మా మామయ్య గారు ఎవరితోనూ మాట్లాడకుండా జీడిపప్పు పలుకులు ఏరుకుని తింటూ కూర్చున్నారు, ఏదో ఒకటి మాట్లాడాలి కదాని నాన్న ఈసారి పంట ఎట్లా ఉందండీ అంటే, "సుడిదోమ తిన్నది" అని ఒక్క మాట. నేను తలొంచుకుని కూర్చున్నదాన్ని ఎందుకన్నానో తెలీదు, "కాలిబాటలు తీయలేదాండీ" అన్నా. ఆయన పళ్ళెం కింద పెట్టి "అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చరా?" అన్నారు. "కాదండీ, బీకాం" అన్నాను, మా అన్నయ్య వెనక నుంచి "దూరదర్శన్" అన్నాడు. మిగతా సంబంధం అంతా ఆయనే దగ్గరుండి కుదిర్చారు.

వాడు పడీ పడీ నవ్వుతుంటే నా ఫోన్ మోగింది, నెట్ లేకపోయినా మామూలు ఫోన్లు వస్తున్నాయి కదా. మామయ్య గారే. "ఏం బిడ్డా, ఇయ్యాల టీవీల సుడిదోమ గురించి చెప్పిండ్రు, చూసినవా?"

"చూశాం మామయ్యా, మీ మనవడు కూడా చూశాడు."

"ఆ సారు మంచిగనే చెప్పిండు గానీ, బాటలు నాటేటప్పుడు తీయాలె, ఇప్పుడు పురుగు వట్టినంక చెప్తే ఏం లాభం? జూలైల చెప్పకపాయె" అని పది నిమిషాలు కోప్పడ్డారు, నన్నే ఆ సారు అనుకున్నట్టు. అమ్మ ఫోన్ లాక్కుని "అదేగా అన్నయ్యగారూ, నేనూ అదే అనుకుంటున్నా" అంది. ఆవిడకి వరి దుబ్బుకీ గడ్డి దుబ్బుకీ తేడా తెలీదు. వాళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకుంటుండగానే, తొమ్మిది దాటాక అనుకుంటా, హాల్లో రౌటర్ లైట్లు పచ్చగా వెలిగాయి. మావాడు చూశాడు, లేవలేదు, వార్తలు అయ్యాక వెళ్తాన్లే అన్నాడు. అన్నం అక్కడికే తెచ్చివ్వమన్నాడు. అమ్మ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "టీవీ ముందా? లోపలికి పోయి తినరా" అంది.