నా అనుభవం: ఊటీలో మా పెళ్లికి రుజువు అడిగారు

చెన్నై నుంచి చలికాలంలో ఊటీ వెళ్లాలనుకునే భార్యాభర్తలు, ముఖ్యంగా ఆధార్‌లో ఇద్దరికీ వేర్వేరు ఇంటిపేర్లు ఉన్న తెలుగువాళ్లు ఇది చదవాలి. రైలు టికెట్ల గురించి, స్వెటర్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. హోటల్ కౌంటర్ దగ్గర ఏం జరగవచ్చో మాకు ఎవరూ చెప్పలేదు. నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తున్నాను.

మేము వేళచ్చేరిలో ఉంటాం. మావారు ఒరగడంలో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో పనిచేస్తారు. ఉదయం షిఫ్టు అయితే తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కుతారు. మధ్యాహ్నం షిఫ్టు అయితే ఆయన ఇల్లు చేరేసరికి నేను నిద్రలో ఉంటాను. నా ఆఫీసు షోలింగనల్లూరులో. మా కాపురం చాలావరకు ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చీటీలతోనే నడుస్తుంది. ‘పప్పుచారు వేడి చేసుకోండి’ అని నేను రాస్తే, కింద ‘గ్యాస్ బుక్ చేశాను, అత్తయ్యగారు ఫోన్ చేశారు’ అని ఆయన రాస్తారు. ధనుర్మాసం వచ్చి వీధి చివరి గుడిలో తిరుప్పావై మొదలయ్యే వేళకు ఒకరం చెప్పులు వేసుకుంటూ ఉంటాం, ఇంకొకరం దుప్పటి కప్పుకుంటూ ఉంటాం. కాబట్టి ఒక శని, ఆదివారాలు ఇద్దరమూ ఒకే చోట, ఒకే సమయంలో మేలుకుని ఉండటం మాకు చిన్న విషయం కాదు.

సెలవులు కుదిరాయి. టికెట్లూ కుదిరాయి. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 60 రోజులే కాబట్టి, గడువు తెరుచుకున్న ఉదయమే చెన్నై సెంట్రల్ నుంచి మేట్టుపాళయం వెళ్లే నీలగిరి ఎక్స్‌ప్రెస్‌కు, అక్కడి నుంచి ఊటీ కొండ రైలుకు రిజర్వేషన్ చేశాను. కొండ రైలు సీట్లు నిమిషాల్లో అయిపోతాయని అందరూ భయపెట్టారు. మాకు రెండూ ఖాయమయ్యాయి, అదీ కిటికీ పక్కన. ఊటీకి వెళ్లడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, అంటే ఈ-పాస్ గురించి చాలామంది అడుగుతున్నారు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి వచ్చిన ఆ పద్ధతి సొంత వాహనాల్లో, అద్దె కార్లలో వెళ్లేవాళ్లకు. రైల్లోనో ప్రభుత్వ బస్సులోనో వెళ్తే అక్కర్లేదు. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసాలు పట్టుకెళ్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు కొండచరియలు విరిగిపడి కొండ రైలు రద్దవుతూ ఉంటుంది. బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి.

ఆ రైలు ప్రయాణం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మావారు అంత సంతోషంగా ఉండటం చూసి చాలా కాలమైంది. ఉదయం ఏడు దాటాక మేట్టుపాళయంలో కదిలింది. కల్లార్ దాటాక రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇనుప కడ్డీ మొదలవుతుంది. ఇంజను కింద ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. కూనూరు దాకా ఇంజను వెనక నుంచే నెడుతుంది. సుమారు పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎత్తు ఎక్కాలి మరి. రోజంతా మిల్లింగ్ యంత్రాల మధ్య ఉండే మనిషి, ఇంటికి వస్తే నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆ పళ్ల లెక్క నాకు చేతులు తిప్పుతూ చెప్పారు. 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన దారి. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. హిల్‌గ్రోవ్‌లో ఆగినప్పుడు కోతులు మా ఎదుటి సీటు పిల్లవాడి చేతిలోని వడ ఎత్తుకుపోయాయి. మధ్యాహ్నం ఊటీలో దిగేసరికి మాకు పెళ్లయి ఇన్నేళ్లయిందని కూడా గుర్తు లేదు, అంత హాయిగా ఉంది.

అక్కడి నుంచి నేరుగా హోటల్‌కు వెళ్లాం. పేరు రాయను. డబ్బు ముందే పూర్తిగా కట్టేశాం, బుకింగులో ‘ఇద్దరు పెద్దలు’ అని స్పష్టంగా ఉంది. కౌంటర్‌లోని అబ్బాయి మా ఇద్దరి ఆధార్ కార్డులు తీసుకుని పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి మేనేజర్‌ను తీసుకొచ్చాడు. ఆయన కూడా చూసి, నన్ను కాదు, మావారిని అడిగాడు: “సార్, మేడం మీకు ఏమవుతారు?”

“నా భార్య.”

“ఇనిషియల్ వేరుగా ఉంది. అడ్రసు వేరుగా ఉంది.”

తమిళులకు పేరు ముందు తండ్రి పేరులోనో, పెళ్లయ్యాక భర్త పేరులోనో మొదటి అక్షరం ఉంటుంది. మనకు ఇంటిపేరు. నాది పుట్టింటి ఇంటిపేరు, చిరునామా తెనాలిది. పెళ్లయ్యాక మార్చుకునేవాళ్లు మార్చుకుంటారు, నేను మార్చుకోలేదు. నా డిగ్రీ, పాన్ కార్డు, పాస్‌పోర్టు, పీఎఫ్ ఖాతా అన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి, ఆ పేరుతోనే ఈ ఉద్యోగం సంపాదించుకున్నాను. ఇదంతా ఓపికగా, మంచి తమిళంలో చెప్పాను. ఆయన తల ఊపి, “అయితే మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించండి” అన్నాడు. మా పెళ్లి తెనాలిలో రిజిస్టరయింది. ఆ కాగితం మా అత్తగారింట్లో బీరువాలో ఉంది. రెండు రోజులు చలిలో తిరగడానికి వచ్చినవాళ్లు పెళ్లి కాగితం సంచిలో పెట్టుకుని తిరుగుతారా?

అప్పుడు ఆయన చూపు నా మెడ మీదికి వచ్చింది. మెడ దాకా మూసే స్వెటరు, దాని మీద శాలువా. తర్వాత కాళ్ల మీదికి వెళ్లింది. మేజోళ్లు, బూట్లు. “తాళి ఉందా మేడం?” అని అడిగాడు. గొంతు తగ్గించి కూడా కాదు. పక్కనే సోఫాలో పిల్లలతో ఒక కుటుంబం కూర్చుని ఉంది. ఆ తల్లి నా వైపు చూసి, వెంటనే పిల్లవాడి టోపీ సర్దడం మొదలుపెట్టింది. ఆ ఒక్క క్షణం నా ఒళ్లంతా మండిపోయింది. ఆఫీసులో నా కింద పెద్ద బృందం పనిచేస్తుంది, విదేశీ ఖాతాదారులతో గంటల తరబడి వాదించి ఒప్పించిన మనిషిని. ఆ కౌంటర్ ముందు నాకు నోట మాట రాలేదు.

ఇంతలో మావారు ఫోన్ తీసి పెళ్లి ఫొటోలు వెతకడం మొదలుపెట్టారు. జీలకర్ర బెల్లం పెట్టుకున్నప్పటి ఫొటో తెరిచారు. వెనకాల మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది అందులో. ఆ ఫొటోను ఆ మనిషి చేతికి ఇవ్వబోతుంటే మావారి మణికట్టు పట్టుకుని ఆపాను. “వద్దు” అన్నాను. అంతే.

మేనేజర్ ఒక పరిష్కారం చెప్పాడు. “రెండు రూములు తీసుకోండి సార్, వెంటనే ఇచ్చేస్తాను.” ఇక్కడ నాకు అంతా అర్థమైంది. పద్ధతి అన్నాడు, పోలీసుల ఇబ్బంది అన్నాడు. రెండో గదికి డబ్బు కడితే ఆ పద్ధతీ, ఆ ఇబ్బందీ పోతాయట. “మీ నియమం ఏమిటో హోటల్ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి” అని అడిగాను. రాయనన్నాడు. గోడ మీద ‘ప్రవేశం మా ఇష్టం’ అన్న బోర్డు చూపించాడు. ఆ బోర్డునూ, అద్దెల పట్టికనూ ఫొటో తీసుకున్నాను. పెళ్లి రుజువు గురించి రెండింటిలోనూ ఒక్క అక్షరం లేదు. అక్కడే నిలబడి బుకింగ్ కంపెనీకి జరిగినదంతా ఈమెయిల్ రాసి పంపి బయటికి వచ్చాను.

రోడ్డు మీద మా ఇద్దరికీ గొడవ. “మెడలో ఉంది కదా, చూపించేస్తే అయిపోయేది” అన్నారు ఆయన. “ఉంది కాబట్టే చూపించను” అన్నాను. “లేకపోతే? తీసి బీరువాలో పెట్టుకున్నవాళ్లు భార్యలు కారా? క్రైస్తవులు, ముస్లింలు వస్తే ఏం చూపించాలి?” ఆయన మాట్లాడలేదు. చేరింగ్ క్రాస్ దాకా అలాగే ముందొకరం వెనకొకరం నడిచాం.

ఈ విషయంలో చట్టం ఏమంటుందో తర్వాత చదివాను. పెళ్లికాని ఇద్దరు హోటల్ గదిలో ఉండకూడదనే చట్టం ఈ దేశంలో లేదు. కోయంబత్తూరులో అధికారులు ఒక బసను మూసివేసిన కేసులో 2019లో మద్రాసు హైకోర్టు ఈ మాట సూటిగా చెప్పింది. పెళ్లికానివాళ్ల సంగతే అది అయితే, పెళ్లయినవాళ్లను నిలబెట్టి నిరూపించమనడానికి వీళ్లెవరు? ఆధార్ మనిషి ఎవరో చెప్పే కార్డు. పెళ్లయిందో లేదో అందులో ఉండదు. గుర్తింపు అడగండి, ఇస్తాం, అది న్యాయం. ఆడదాని మెడ చూసి గది ఇవ్వడం న్యాయం కాదు. ఆ మేనేజర్ ఒక్క ప్రశ్న కూడా మావారి గురించి అడగలేదు. ఆయనకు పెళ్లయిందా, ఎవరితో అయింది, ఆయన దగ్గర ఏ గుర్తు ఉంది, ఏదీ అవసరం లేకపోయింది.

టీ కొట్టులో వేడి టీ, వర్కీలు (ఊటీలో దొరికే కరకరలాడే బిస్కెట్లు) తీసుకున్నాం. ఆ కొట్టాయన ఫెర్న్‌హిల్ వైపు గదులు అద్దెకిచ్చే ఒక పెద్దావిడ ఇంటికి దారి చెప్పాడు. ఆవిడ మా కార్డులు చూసి పేర్లు, ఫోన్ నంబర్లు రిజిస్టర్‌లో రాసుకుంది. ఆధార్ నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించే ప్రతి ఇస్తే అదే తీసుకుంది. “వేడినీళ్లు పొద్దున్నే, ఇంకో దుప్పటి కావాలా?” అని మాత్రం అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

మరునాడు తెల్లవారుజామున ఆటోలో తలైకుంద వెళ్లాం. గడ్డి మొత్తం మంచు పట్టి ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. అడుగు వేస్తే కరకరమంటోంది. చేతులు రుద్దుకుంటూ మావారు అన్నారు: “నిన్న వాడు నన్నేమీ అడగలేదు. నేను గమనించలేదు.” నేను ఆయన జేబులో చెయ్యి పెట్టుకున్నాను. బొటానికల్ గార్డెన్ చూశాం, మధ్యాహ్నం కిందికి వచ్చే రైలు ఎక్కాం. దొడ్డబెట్ట శిఖరం చూడలేదు, నాకేమీ బాధ లేదు.

డబ్బు వెనక్కి రావడం వేరే యుద్ధం. బుకింగ్ కంపెనీ వాళ్లు ‘అతిథి సరైన గుర్తింపు చూపించలేదు’ అని హోటల్ చెప్పిన అబద్ధాన్నే నాకు తిరిగి పంపారు. అక్కడే నిలబడి పంపిన ఈమెయిల్, దాని మీది సమయం, బోర్డు ఫొటోలు జత చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. ఫిర్యాదు నేనే రాశాను, ఒక్క మాట దిద్దాల్సిన పని లేకుండా. అది అందాక కంపెనీ వాళ్ల గొంతు మారింది, డబ్బు మొత్తం ఖాతాలో పడింది. క్షమాపణ మాత్రం రాలేదు. మీకు ఇలా జరిగితే వాదనతో అలసిపోకండి. అక్కడి నుంచే, ఆ నిమిషమే రాసి పంపండి. గదికి ముందుగా మొత్తం డబ్బు కట్టకండి. పెళ్లి ఫొటోలు మాత్రం ఎవరికీ చూపించకండి.

మా అత్తగారికి తెలిసి, “ఎందుకొచ్చిన గొడవ తల్లీ, ఆధార్‌లో ఇంటిపేరు మార్పించుకో” అన్నారు. మావారు నా చేతిలోని ఫోన్ తీసుకుని, “అక్కర్లేదమ్మా” అని చెప్పారు.

ఫిబ్రవరిలో సేలం దగ్గరి కొండ ఊరు యేర్కాడు వెళ్తున్నాం. సేలం దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. అక్కడి లాడ్జికి ముందే ఫోన్ చేసి, మా ఇంటిపేర్లు వేరు, రుజువులేవీ చూపించం అని చెప్పాను. “దానికేముందమ్మా, రండి” అన్నారు. ఆ మాటే మెసేజ్‌గా పెట్టించుకుని అప్పుడు గది ఖాయం చేశాను.