గండికోట ఆటలో జాముల లెక్క: ఇప్పటిదాకా

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట. మా గండికోట క్యాంపెయిన్‌లో, అంటే ఆట ఆటకూ కొనసాగే కథలో, ఇప్పుడు కార్తీక బహుళం నడుస్తోంది. గోల్కొండ సేనతో మీర్ జుమ్లా వస్తున్నాడు. 1650లో కోట, దాన్ని ఏలిన పెమ్మసాని వాళ్ల చేతుల్లోంచి పోయిందని కడపలో మా బల్ల చుట్టూ కూర్చునే వాళ్లందరికీ తెలుసు. ఆ లోపల ఊళ్లోవాళ్లను ఎంతమందిని పెన్నా దాటించగలరన్నదే ఆట. అందుకే కాలం లెక్క డీఎం (ఆట నడిపేవాడు, అంటే నేను) నోట్‌బుక్‌లో దాగి ఉండకూడదు, అందరి కళ్లెదుటా ఉండాలి.

రోజుకొక కాగితం, దాని మీద ఎనిమిది గళ్లు. గడికి ఒక జాము, అంటే మూడు గంటలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో మామూలు నడక గంటకు 3 మైళ్లు, కాబట్టి జాముకు 9 మైళ్లు, సుమారు 14.5 కిలోమీటర్లు. జమ్మలమడుగు నుంచి గండికోటకు దాదాపు అంతే దూరం, ఒక గడి కొట్టేస్తే చాలు. రూల్ ప్రకారం రోజుకు ఎనిమిది గంటల నడక దాటితే అలసట పరీక్ష. నేను మూడు గళ్ల దాకా ఊరుకుని నాలుగో గడికి డైస్ వేయిస్తాను. లాంగ్ రెస్ట్‌కు, అంటే పాత్రలు తీసుకునే పూర్తి విశ్రాంతికి కూడా మూడు గళ్లే. రాత్రిళ్లు వెన్నెల ఎంతసేపుంటుందో గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో తిథి చూసి చెప్పేస్తున్నా.

నేలమాళిగల్లోకి దిగితే జాము మరీ పెద్దది. అక్కడ పాత ఎడిషన్ల పది నిమిషాల టర్నే నాకు ఇష్టం. దివిటీ గంటసేపు వెలుగుతుంది, అంటే ఆరు టర్నులు. దివిటీ పట్టుకున్నవాడి చేతికి ఆరు చింతపిక్కలు ఇస్తాను. ఒక గది వెతికినా, తాళం తీసినా ఒక పిక్క గిన్నెలో పడాలి. రెండు పిక్కలు పడ్డప్పుడల్లా నేను ఆరు ముఖాల డైస్ వేస్తాను, ఒకటి పడితే పహరావాళ్లు వచ్చినట్టే. పోయిన వారం ధాన్యాగారం కింద వెతుకుతుంటే ఒక తమ్ముడు అరచెయ్యి చాపి "అన్నా, ఇంక రెండే ఉండాయి" అన్నాడు. అంతే, పెట్టెల మీద వాదన ఆగిపోయి అందరూ మెట్ల వైపు తిరిగారు. అప్పటికి నేను చీకటి గురించి ఒక్క మాట కూడా అనలేదు.

పోట్లాటలో మాత్రం రౌండుకు (అందరి వంతూ ఒకసారి అయ్యేసరికి) ఆరు సెకన్లే కాబట్టి పిక్కల జోలికి పోము. ఎంత పెద్ద పోట్లాటైనా అయిపోయాక ఒక టర్ను కట్, గాయాలు కట్టుకోవడం, బాణాలు ఏరుకోవడం అందులోనే.

సేనకు వేరే పట్టీ ఉంది. రోజు కాగితం తిప్పినప్పుడల్లా ఎర్ర గుండీ ఒక మజిలీ ముందుకు జరుగుతుంది. దీనివల్లే లాంగ్ రెస్ట్ అడిగే ముందు నలుగురూ కూడబలుక్కుంటున్నారు. ఇది రావాలనే నేను ఇంత లెక్క పెట్టుకున్నది.

ఇంకా కుదరనిది షార్ట్ రెస్ట్, అంటే మధ్యలో తీసుకునే చిన్న విశ్రాంతి. గంటసేపంటే గడిలో మూడో వంతు. వచ్చే ఆటలో గడికి మూడు చుక్కలు పెట్టి, రెస్టుకో చుక్క కొట్టించి చూస్తా.