పొడవాటి ఇంగ్లిష్ పదాలను సంధి విడదీసినట్టు విడదీశాను

ఫ్రెండ్స్, పోటీ పరీక్షలకు చదువుతున్న మనలో చాలామందికి ఇంగ్లిష్ సెక్షన్ అంటేనే టెన్షన్. గ్రామర్ ఎలాగో పట్టుబడుతుంది కానీ ఒకాబులరీ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాం. నేనూ అక్కడే ఆగిపోయాను. రోజుకు యాభై పదాలు నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కన అర్థం రాసుకుని, బట్టీ పట్టేదాన్ని. పది రోజుల తర్వాత మొదటి పేజీ తెరిస్తే సగానికి పైగా పదాలు ఎన్నడూ చూడనట్టే ఉండేవి. అలా దాదాపు నాలుగు నెలలు పోయాయి. ఆ నాలుగు నెలలు మీకు పోకూడదనే ఇది రాస్తున్నాను.

దారి మార్చింది ఒకే ఒక్క పదం: న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కనోకోనియోసిస్. ఇంగ్లిష్‌లో 45 అక్షరాలు. పొడవు కోసమే పుట్టించిన పదమిది. 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ దీన్ని తయారుచేశాడు. మొదటిసారి చూసినప్పుడు చదవడానికే ఊపిరి చాల్లేదు. తర్వాత ఓ కాగితం మీద ముక్కలుగా రాసుకున్నాను. న్యూమోనో అంటే ఊపిరితిత్తులు, అల్ట్రామైక్రోస్కోపిక్ అంటే అతి సూక్ష్మమైన, ఆ తర్వాత సిలికా, అగ్నిపర్వతం. కోని అంటే గ్రీకులో ధూళి, చివరి ఓసిస్ అంటే జబ్బు. అగ్నిపర్వతాల నుంచి వచ్చే అతి సూక్ష్మమైన సిలికా ధూళి పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు అని అర్థం తేలిపోయింది. బట్టీ పట్టాల్సిన పనే లేకపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ పని మనం చిన్నప్పుడే నేర్చుకున్నాం కదా అని. సంధి విడదీయడం, విగ్రహవాక్యం రాయడం ఇదే. తత్పురుష సమాసంలో చివరి పదానిదే పెత్తనం. రాజభటుడు అంటే భటుడే, రాజు కాడు. ఇంగ్లిష్ పొడవాటి పదాల్లోనూ ఎక్కువగా అంతే, అసలు సంగతి తోకలో ఉంటుంది. సూయిసైడ్‌లో లాగా సైడ్ అని ముగిస్తే చంపడం, ఫోబియా అంటే భయం, క్రసీ అంటే పాలన, ఇజం అంటే వాదం. అందుకే పదాన్ని వెనక నుంచి చదవడం అలవాటు చేసుకున్నాను. 28 అక్షరాల యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం కూడా అలాగే లొంగింది. చివర ఇజం ఉంది కాబట్టి ఇదొక వాదం. ఎస్టాబ్లిష్‌మెంట్ అంటే ఇక్కడ ఇంగ్లండ్ చర్చికి రాజ్యం ఇచ్చిన అధికారిక హోదా. డిస్ అంటే దాన్ని తీసేయడం. యాంటీ అంటే ఆ తీసేయడాన్ని వ్యతిరేకించడం. 19వ శతాబ్దంలో అక్కడ నిజంగా జరిగిన రాజకీయ వివాదమే ఈ పదం వెనుక ఉంది.

ఇక్కడ కాస్త ఆగి, నాకు బాగా నచ్చిన సంగతి చెబుతాను. తెలుగులో చదువుకోవడం ఇంగ్లిష్‌కు అడ్డు అని నేనూ అనుకున్నాను. కానీ మన తెలుగులో కలిసిపోయిన సంస్కృత పదాలు లాటిన్, గ్రీకు ధాతువులకు బంధువులు. ఈ మూడు భాషలకూ ఒకే మూలం ఉండి ఉండాలని 1786లోనే బ్రిటిష్ భాషా పండితుడు విలియం జోన్స్ కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ ముందు చెప్పాడు. దంతానికి లాటిన్ డెంట్, పాదానికి పెడ్, నామానికి నోమెన్, అష్టకు ఆక్టో, మృత్యువుకు మోర్ట్. ఇమ్మోర్టల్ అన్నా అమరుడు అన్నా కట్టుబడి ఒకటే. ఇంకా ముచ్చటైనది, ‘కాదు, లేదు’ అని చెప్పే ఉపసర్గ. మనకు హల్లు ముందు ‘అ’ వస్తుంది, అధర్మంలా. అచ్చు ముందు ‘అన్’ వస్తుంది, అనంతంలా. గ్రీకులోనూ సరిగ్గా ఇదే నియమం. అందుకే అనార్కీ అంటే పాలన లేకపోవడం, అనానిమస్ అంటే పేరు లేనిది. అయితే పోలిక కనబడగానే చుట్టరికం కలిపేయకండి. మన దేవుడికి లాటిన్ డియుస్ బంధువే కానీ, గ్రీకు థియోస్ కాదు.

ఈ పద్ధతి మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, నాకు మార్కులు పోయింది అక్కడే. ఒక మాక్ టెస్ట్‌లో డిస్‌ఇంటరెస్టెడ్ జడ్జి అని వస్తే ‘ఆసక్తి లేని’ అని టిక్ పెట్టాను. అక్కడ దాని అర్థం నిష్పాక్షికంగా ఉండే అని. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనిది. ఇన్‌ఫ్లేమబుల్ అంటే నిప్పంటుకునేదే. బైయెన్నియల్ రెండేళ్లకోసారి, బైయాన్యువల్ ఏడాదికి రెండుసార్లు. ఇలాంటివి విడదీసి ఊరుకుంటే చాలదు. ఒక్కోదానికీ ఒక వాక్యం రాసుకుని ఆ వాక్యంతోనే గుర్తుపెట్టుకోవాలి.

పదబంధాల సంగతి వేరు. ఇడియమ్‌ను ముక్కలు చేస్తే ఏమీ మిగలదు. నేను వాటికి తెలుగు జోడీ వెతికాను. బామ్మకు గుడ్డు పీల్చడం నేర్పడం అని ఇంగ్లిష్‌వాళ్లంటే, మనం తాతకు దగ్గులు నేర్పడం అంటాం. హెర్క్యులియన్ టాస్క్ పక్కన భగీరథ ప్రయత్నం అని రాశాను, ఆ తర్వాత మళ్లీ చూడాల్సిన అవసరమే రాలేదు. గిన్నె వెళ్లి కెటిల్‌ను నల్లగా ఉన్నావంటే, అది మన గురివింద గింజే. జోడీ దొరకని వాటికి వాటి కథే ఆధారం. ఎలెవెన్త్ అవర్ బైబిల్‌లో ద్రాక్షతోట కూలీల కథలోది. పొద్దుగూకే వేళ, అంటే తెల్లవారినప్పటి నుంచి లెక్కిస్తే పదకొండో గంటకు, పనిలో చేరినవాళ్లకూ అదే కూలి దక్కింది. అందుకే ఆఖరి నిమిషం అని అర్థం.

లాటిన్ పదబంధాలకు భయపడేవాళ్లు తెలుగు దినపత్రిక చదివితే చాలు. సైనీ డై అంటే నిరవధిక వాయిదా. స్టేటస్ కో అంటే యథాతథ స్థితి. ఎక్స్ అఫీషియో అంటే పదవి రీత్యా. ఈ మాటలు మనం చదువుతూనే ఉన్నాం, ఇంగ్లిష్ పేరు తెలియదంతే.

రివిజన్ గురించి ఎక్కువ చెప్పను. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి రాశాడు. అందుకే రోజుకు యాభై మానేసి పన్నెండుకు దిగాను. మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు మళ్లీ చూశాను. అర్థం మూసిపెట్టి, నోటితో చెప్పి, తర్వాతే తెరిచాను. తప్పు చెప్పిన పదం మళ్లీ మొదటి రోజుకు వెళ్లేది.

అసలు పరీక్షలో, రెండు చేతులతోనూ సమానంగా పని చేయగల వ్యక్తిని ఒక్క మాటలో ఏమంటారని అడిగారు. నాలుగు ఆప్షన్లలో యాంబిడెక్స్‌ట్రస్ ఉంది. నా నోట్‌బుక్‌లో ఆ పదం లేదు. యాంబి అంటే రెండూ, డెక్స్‌టర్ అంటే కుడి. రెండూ కుడిచేతులే అయినవాడు. సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. ఎడమ చేత్తోనూ బాణం వేయగల అర్జునుణ్ని మనం సవ్యసాచి అన్నాం. టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.